ఒక్క దమ్ములో సూరత్

రఘుపతి చేతికి ఛాయ్ గ్లాసు వచ్చిందంటే సూరత్‌లోని వడోద్ పేటలో ఎవరికీ తొందర పనులుండకూడదు. ఆ గ్లాసు సగానికొచ్చేసరికి ఒక కొండ కదులుతుంది, అడుక్కొచ్చేసరికి ఒక సముద్రం ఇంకుతుంది. మంగ ఛాయ్ బండి ముందు బల్లల మీద కూర్చునే సాంచాల మనుషులకు ఇది అలవాటే. వారమంతా సాంచాలనే మరమగ్గాల మధ్య చెవులు పగిలే చప్పుడులో నిలబడి నేసేవాళ్లు వాళ్లు. సెలవు రోజున ఒక మనిషి గొంతు వినడమే వాళ్లకు పండగ. చెప్పేది అబద్ధమైతే మరీ మంచిది, దారం తెగకుండా సాగుతుంది.

కానీ ఆ రోజు వినేవాళ్ల జేబుల్లో కండెలున్నాయి. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో దారం చుట్టి పెట్టే కండె, ఆ దారం అయిపోయాక ఉత్త కట్టె. తెలుగు గల్లీల కబడ్డీ పోటీలు ముగిశాక వచ్చే మొదటి సెలవు రోజున ప్రతి ఒక్కరూ తన సాంచె దగ్గర్నుంచి ఒక ఖాళీ కండె తెచ్చి, తనకు నచ్చిన ఆటగాడి డబ్బాలో వేస్తారు. ఎవరి డబ్బా నిండితే వాడే ఆ ఏటి మేటి. ఈసారి మంగ బండి పక్కన స్టూలు మీద రెండే డబ్బాలు మిగిలాయి. ఒకదాని మీద సుద్దతో పరమేశ్ అని ఉంది, ఇంకోదాని మీద రఘుపతి అని ఉంది. రెండో పేరు రఘుపతే రాసుకున్నాడు, కాస్త పెద్ద అక్షరాలతో.

మేటికి దక్కేది శాలువా, స్టీలు గిన్నె అనుకుంటే పొరపాటు. మేటి అయినవాడు వచ్చే ఏడు తనకు నచ్చిన జట్టులో తానే చేరతాడు. మిగతావాళ్లంతా గోడకు ఆనుకుని వరసగా నిలబడాలి. కెప్టెన్లు వంతులవారీగా వేలు చూపించి ఏరుకుంటారు, సంతలో కోళ్లను ఏరినట్టు. పోయిన ఏడు ఆ గోడ దగ్గర చివరికి రఘుపతి ఒక్కడే నిలబడ్డాడు. నరేశ్ అనే కుర్ర కెప్టెన్ అటూ ఇటూ చూసి, “సరే కాకా, నువ్వే మిగిలినవ్ గద, రా” అన్నాడు. ఆ మాట రఘుపతి ఛాతీలో బట్టలో పడ్డ ముడిలా ఉండిపోయింది. ఎన్నిసార్లు సాపు చేసుకున్నా చెయ్యి అక్కడికే వచ్చి తగులుతోంది. ఈ ఏడు నరేశ్ ఇంకో అడుగు ముందుకేశాడు. వచ్చే ఏటి నుంచి నలభై దాటినవాళ్లను ఎవరూ తీసుకోవద్దని మిగతా కెప్టెన్లను కూడా ఒప్పించాడు. రఘుపతికి నలభై దాటి మూడు దీపావళులు అయ్యాయి. మేటి అయితే వచ్చే ఏడు గీత లోపల ఉంటాడు. కాకపోతే తాడు అవతల నిలబడి చప్పట్లు కొడతాడు. చప్పట్లు కొట్టించుకోవడమే గాని కొట్టడం ఆయనకు ఏ జన్మలోనూ రాలేదు.

“పాలు పొంగినంక డబ్బాలల్ల ఏసుడు షురూ,” అంది మంగ, పెద్ద గిన్నె స్టవ్ మీదికెత్తుతూ. “గప్పటిదాంక ఎవల ముచ్చట వాళ్లు చెప్పుకోండ్రి. కొట్లాట గిట్ల పెట్టుకున్నరంటే మాత్రం ఛాయ్ బంద్.”

“చెప్పేతందుకు ఏమున్నదక్కా?” అన్నాడు నరేశ్. “ఫైనల్ల ఆఖరి కూతకొచ్చినోణ్ణి పరమేశన్న చీలమండ పట్టి గుంజి పడేసిండు. కప్పు గా పట్టుతోనే వచ్చింది. కాకా ఏం జేసిండు? కూతకు పోయిండు, ఔటయిండు, పోయి పక్కకు కూసున్నడు.”

పరమేశ్ బల్ల చివర కూర్చుని తలెత్తకుండా వేడి వేడి శనగపిండి లోచో తింటున్నాడు. ఎవరైనా తన గురించి మంచి మాటలు చెబుతుంటే అతనికి ఆకలి ఎక్కువవుతుంది.

రఘుపతి గ్లాసు కింద పెట్టాడు. “ఔటని ఎవలన్నరు?”

“అంపైరన్నడు. త్రివిక్రమరావు సారు.”

బల్లల మీద చిన్న కలకలం లేచింది. త్రివిక్రమరావు ఊరవతల హజీరా రేవు దగ్గర పెద్ద కంపెనీలో ఇంజనీరు. ఆంధ్రా వైపు మనిషి, ఏ గల్లీకీ చెందనివాడు. అందుకే ఏటా ఆయన్నే పిలిచి విజిల్ చేతికిస్తారు. కూతకు వెళ్లినవాడు గీత దాటింది మొదలు తిరిగొచ్చేదాకా ఒకే ఊపిరి మీద కబడ్డి కబడ్డి అంటూనే ఉండాలి. ఆ కూత తెగినా, వినబడకపోయినా ఔటే. ఫైనల్లో రఘుపతి గీత దాటిన కాసేపటికే ఆ సారు విజిల్ ఊది, “కూత లేదు” అన్నాడు. దాని మీద మైదానంలో పెద్ద రగడ జరిగింది. సొంత జట్టువాళ్లే కాదు, ఎదుటి జట్టువాళ్లు కూడా “పెట్టిండు సార్, కూత పెట్టిండు” అని ఒట్టేసి చెప్పారు. సారు వినలేదు. ఆ సారుకు ఈ రోజు హజీరాలో డ్యూటీ ఉంది. రఘుపతి నిన్ననే ఫోన్ చేసి, బాగోగులు అడిగినట్టే అడిగి ఆ సంగతి తెలుసుకున్నాడు.

“నరేశూ,” అన్నాడు రఘుపతి మెత్తగా, “నేను గొప్పలు చెప్పుకునేటోణ్ణి గాదు.”

స్టవ్ దగ్గర మంగకు పొలమారింది.

“నేను జేసింది శాన చిన్న పని. గీత దాటిన, ఒక్కణ్ణి ముట్టుకున్న. గంతే.”

“గంతేనా బావా?” పక్క సాంచాల మీద పనిచేసే సోమలింగం ముఖం వాడిపోయింది. ఎంతో ఆశతో రెండో ఛాయ్ చెప్పుకున్నాడు పాపం.

“గంతే. గని, ముట్టుకున్నంక ఏమైందో ఎరుకేనా? ఏడుగురికి ఏడుగురు నా మీద పడ్డరు. ఇద్దరు కాళ్లు పట్టిండ్రు, ఇద్దరు రెక్కలు పట్టిండ్రు, ఒకడు నడుము, ఒకడు మెడ, ఏడోనికి పట్టుకునేతందుకు జాగ దొరకక నా బనీను పట్టుకోని ఏడుస్తున్నడు. వేరేటోడైతే ఏం జేస్తడు? దమ్ము ఇడుస్తడు. మరి నా దమ్ము గసొంటిదా? పన్నెండు గంటల షిఫ్టుల నేను ఉత్తగ నిలబడ్తననుకున్నవా తమ్మీ? నాలుగు సాంచాల నడుమ తిరుగుకుంట, తెగిన పోగు ముడేసుకుంట, కబడ్డి కబడ్డి కబడ్డి, ఇరవై ఏండ్ల సంది గిదే సాధన. సాంచె ఆగుతది గని నా కూత ఆగది. అడుగు సోమలింగాన్ని.”

“నిజం,” అన్నాడు సోమలింగం. “నేను రోజు చూస్తనే ఉంట.”

“ఇగ ఏడుగురు ఇడుస్తలేరు, నా దమ్ము తెగుతలేదు. ఏం జెయ్యాలె? మెల్లగ ఒక్క అడుగేసిన. ఏడుగురు నాతోని వచ్చిండ్రు. ఇంకో అడుగేసిన. గట్లనే గీత దాటిన, తాడు దాటిన, మైదానం గేటు దాటిన...”

“అగో!” నరేశ్ లేచి నిలబడ్డాడు. “గీత దాటి బయటికి పోతే ఔటు గద కాకా!”

“నీకు రూల్స్ ఎవలు నేర్పిండ్రు తమ్మీ? పట్టు పట్టినంక పక్క పట్టీలు సుత ఆటలకే వస్తయి. వస్తయా రావా?”

“వస్తయి గని...”

“పట్టు ఇడిచేదాంక ఆట నడుస్తనే ఉంటది. వాళ్లు నన్ను ఇడువలే. ఇడువనంత దూరం మైదానమే. సూరత్‌ల ఇడువకపోతే సూరతే మైదానం. ఏమంటవ్ కోడలా?”

ఆ కోడలు మంగ కూతురు కరుణ. ఇక్కడే పుట్టి పెరిగి, ఇక్కడే లా చదువుతోంది. సెలవు రోజుల్లో తల్లికి గ్లాసులు కడిగి పెడుతుంది. మగ్గం పని చేయదు కాబట్టి ఆమెకు కండె లేదు, ఓటూ లేదు. అందుకే రెండు పక్షాలవాళ్లూ ఆమెను తమ వైపుకే లాగుతారు.

“లాజిక్ బరాబర్ ఉన్నది మామా,” అంది కరుణ నవ్వు ఆపుకుంటూ. “చాలో, ముందుకు నడువు.”

తీర్పు తన వైపు వచ్చిందని రఘుపతి మీసం మీద చెయ్యేశాడు.

“ఇగ ఉరుకుడు మొదలుపెట్టిన. ఏడుగురు నా పెయ్యికి సొరకాయల లెక్క యాలాడుతున్నరు. పాండేసరా మిల్లుల ముంగటికెళ్లి నేను పోతుంటే కార్మికులందరు పని ఇడిచి రోడ్డు మీదికొచ్చిండ్రు. ఏందో పెద్ద మిషిన్ పోతున్నదనుకున్నరు, నా కూత గట్ల ఉన్నది. గట్లనే సచిన్ ఏరియాకు చేరిన. ఆడికి పోంగనే నా ఎడమ కాలు పట్టినోడు ఏడుపు మొకం పెట్టి, అన్నా, ఇగో గిదే మా కార్ఖానా, షిఫ్ట్ టైమైంది, గైర్‌హాజర్ పడ్తది అన్నడు. పాపమనిపించింది. ఎంతైనా మనసొంటోడే గద. గేటు కాడికి తీస్కపోయి, వాడు నా కాలు ఇడువకుంటనే వాని వేలు గా మిషిన్ మీద పెట్టించి, హాజరు ఏయించి, మళ్ల ఎత్తుకోని ఉరికిన.”

“మరి నువ్వు వానితోని మాట్లాడితే దమ్ము తెగుతది గద రఘన్నా?” అంది మంగ.

“మాట్లాడితే గద! మనం సాంచాల మనుషులం మంగా. గా సప్పుడుల పొద్దుందాక నోరు తెరిచి ఒక్క మాటన్న అంటమా? చేతులతోని చెప్తం, పెదవులు చూసి సమజ్ చేసుకుంటం. సోమలింగం ఇంట్ల ఏం కూర వండుకున్నడో నాకు నాలుగు సాంచాల అవతలికెళ్లి ఎరుక. కూతకు కూత నడుస్తనే ఉన్నది, వానికి ఒక చెయ్యితోని సైగ చేసిన.”

బల్లల మీదివాళ్లంతా తలలూపారు. అందులో మాత్రం అబద్ధం లేదు. అక్కడున్న ప్రతివాడూ భార్యతో కన్నా పక్క సాంచె మనిషి పెదవులతో ఎక్కువ మాట్లాడినవాడే.

“గీ తర్వాతది ఇనుండ్రి. ఉధ్నా స్టేషన్ కాడికొచ్చిన. పట్టాలు దాటాలె. అహ్మదాబాద్ పోయే బండి గడగడ వస్తున్నది. నేను ఆగుతనా? ఆగలే. మరి బండి? బండే ఆగింది! ఎందుకు? డ్రైవర్ గార్డుకు ఫోన్ జేసి, ఎదురుంగ ఇంకో రైలు వస్తున్నది సాబ్, హారన్ ఇనబడ్తున్నది అన్నడట. గది హారన్ గాదు నాయినా, రఘుపతి కూత!”

“జనమంత దిగి చూసిండ్రా బావా?”

“దిగుడా! సెల్ఫీలు దిగిండ్రు. నా మెడ పట్టినోడు సెల్ఫీకి నవ్విండు సుత, నీచుడు. ఇగ ఆడికెళ్లి రింగ్ రోడ్ బట్టల మార్కెట్ల పడ్డ. దుకాణాల ముంగట చీరలు పరిచున్నయి. నేను ఉరుకుతుంటే గా చీరలన్ని గాలికి లేచి మా ఎనిమిది మంది సుట్టు సుట్టుకున్నయ్. పెద్ద బట్టల మూట, గఠ్ఠా లెక్క అయినం. ఒక శేఠ్ మమ్ములను ఆపి, పైనుంచి కిందికి చూసి, యే మాల్ కిత్నే కా, గీ సరుకు ఎంతకు అన్నడు. హమాలీ వచ్చి తాడు గట్ట చూసిండు. కూతల ఉన్న గాబట్టి బతికిపోయిండు, లేకుంటే ధర చెప్పేటోణ్ణి.”

ఈసారి పరమేశ్ కూడా నవ్వాడు. నవ్వి, తన లోచో ప్లేటును కాస్త పక్కకు జరిపాడు. రఘుపతి ఓరకంట అది చూశాడు. శత్రువు తిండి ఆపాడంటే కోట సగం కూలినట్టే. జనం చేతులు జేబుల మీదికి పోతున్నాయి. ఆయన ఇంకో మెట్టెక్కాడు.

“వరాఛా చేరేటాళ్లకు ఏమైందో ఎరుకేనా? గా వజ్రాలు సాన పట్టే కార్ఖానాలల్ల అందరు తలకాయ వంచి, కండ్లకు దుర్భిణి పెట్టుకోని, సప్పుడు లేకుంట పని జేస్తున్నరు. నా కూత కిటికీలల్ల పడ్డది. సాన చక్రాలు గడగడ అదిరినయ్. రాయికి ఎన్ని పలకలు ఉండాలెనో గన్ని కాదు, డబల్ పడ్డయ్. ఒక శేఠ్ పరుగున వచ్చి చేతులు పట్టుకోని, భాయ్, పొద్దుగాల ఒకసారి సాయంత్రం ఒకసారి గిటు దిక్కుకెళ్లి పోతవా అన్నడు. నేను సైగ జేసిన, ముందు మా పోటీ అయిపోనీ అని.”

“గా పనికి పోరాదా మరి!” అన్నాడు నరేశ్. “గోడ కాడ నిలబడే బాధ తప్పుతది.”

నవ్వులు కొంచెం తగ్గాయి. గోడ మాట రఘుపతికి తగిలిందని అందరికీ తెలుసు. ఆయన గ్లాసెత్తి ఉన్న ఛాయంతా ఒక గుక్కలో తాగేశాడు. గొంతు పెంచాడు.

“గోడనా? తమ్మీ, నేను తాపీ నదిని దాటినోణ్ణి! వంతెన మీద ట్రాఫిక్ జామ్. ఆగితే దమ్ము దండుగ. దుంకిన! ఏడుగురితోని, చీరలతోని, సక్కగ నది నడుమల. నీళ్ల అడుగుకు పోయినం. కూత ఆగిందా? ఆగలే. బుడగలు బుడగలు పైకొస్తున్నయ్. ఒక్కొక్క బుడగ పైకొచ్చి పలుగుతున్నది, పలిగినప్పుడల్ల కబడ్డి. ఇంకోటి పలిగితే కబడ్డి. పడవోళ్లు భయపడి దండం పెట్టిండ్రు. చేపలు నా ఎనుక వరుసగట్టి కబడ్డి కబడ్డి అనుకుంట ఈదినయ్.”

“చేపలకు తెలుగు వస్తదా బావా?”

“కబడ్డీకి ఏం భాషరా? ఏ నీళ్లల్ల పుట్టినా దమ్ముండాలె, గంతే. అట్లట్ల కొట్టుకపోయి హజీరాల తేలినం. ఆడ ఒడ్డుకు ఓడ ఉన్నది, మూడంతస్తులది. నా కూత ఇని గా ఓడ బొంయ్ మని జవాబిచ్చింది! ఇగో నరేశూ, గిప్పుడు అసలు సంగతి ఇను. గా టైముకు నేను హజీరాల ఉన్న. మీ త్రివిక్రమరావు సారు వడోద్ మైదానంల విజిల్ పట్టుకోని నిలబడ్డడు. గంత దూరం ఉన్నోనికి నా కూత ఎట్ల ఇనబడ్తది? ఇనబడలే అన్నడు, ఊదిండు. ఆయన తప్పు లేదు. తొందరపడ్డడు, గంతే.”

చేతులు ఎగిరాయి, బల్లలు మోగాయి. విజిల్ సంగతిని కూడా కథలో పోగులా కలిపి నేసేశాడు మహానుభావుడు. కరుణ కడుగుతున్న గ్లాసు ఆపి తలెత్తింది.

“ఏక్ మినిట్ మామా. ఉధ్నాల రైలుకు ఇనబడ్డది. వరాఛాల చక్రాలకు ఇనబడ్డది. హజీరాల ఓడకు ఇనబడ్డది. వడోద్‌ల ఉన్న సారుకే ఇనబడలేదా?”

“దీపం కింద చీకటి కోడలా!” రెప్ప వాల్చకుండా అన్నాడు రఘుపతి. “పక్కనున్నోని గొప్ప పక్కోనికి ఎప్పుడన్న ఇనబడ్డదా? ఇగ ఆడికెళ్లి ఒక్క దుంకు దుంకితే వడోద్. గీత మీద కాలు పడ్డది. ఏడుగురు ఔట్! అయినా నా దమ్ము ఇంక సగం మిగిలింది. మిగిలిన దమ్మును ఏం జెయ్యాలె? లోపలనే పెట్టుకుంటే కడుపు ఉబ్బుతది. తలకాయ పైకెత్తి ఉఫ్ అని ఊదిన. ఫైనల్ కాంగనే చీకటి పడ్డది, యాదికున్నదా? అందరు పొద్దు గూకిందనుకున్నరు. పొద్దు గూకలేదురా, ఆరిపోయింది!”

బండి ముందు నవ్వులు, ఈలలు, చప్పట్లు. సోమలింగం ఇక ఆగలేక లేచి వెళ్లి తన కండెను రఘుపతి డబ్బాలో వేశాడు. ఠంగ్ మంది డబ్బా. ఆ చప్పుడు రఘుపతికి అన్ని చప్పట్ల కన్నా తియ్యగా వినిపించింది. ఇంకో ఇద్దరు లేచారు. స్టవ్ మీద పాలు మీగడ కట్టడం మొదలైంది.

నరేశ్ ఫోన్ బయటికి తీశాడు. “ఆగుండ్రి, ఆగుండ్రి! ఫైనల్ వీడియో నా దగ్గరున్నది. కాకా కూత పెట్టిండా లేదా అందరు ఇనుండ్రి.”

అందరూ ఫోన్ మీదికి వంగారు. వీడియోలో డీజే హోరు తప్ప ఇంకేమీ వినబడలేదు. కానీ రఘుపతి కనబడ్డాడు. నడుము వంచి, కళ్లెర్రజేసి, ఎదుటివాళ్ల మీదికి పులిలా పోతున్నాడు. పెదవులు టకటకా ఆడుతున్నాయి.

“అగో! కబడ్డి కబడ్డి అంటున్నడా లేదా?” అరిచాడు సోమలింగం.

“అంటున్నడు! అంటున్నడు!” అన్నాయి బల్లలన్నీ. నరేశ్ తన గోతిలో తానే పడ్డాడు. ఫోన్ జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. రఘుపతి ఛాతీ ఉబ్బింది. వచ్చే ఏడు ఏ జట్టులో చేరాలా అని అప్పుడే ఆలోచిస్తున్నాడు. నరేశ్ జట్టులోనే చేరాలి. వాడి ముందే నిలబడి, సరే తమ్మీ, నువ్వే మిగిలినవ్ గద అనాలి.

కరుణ చేతులు చున్నీకి తుడుచుకుంటూ వచ్చి డబ్బాల ముందు నిలబడింది. “సోమలింగం కాకా, ఫైనల్ల మామ కూత ఇన్నవా?”

“ఇన్న బిడ్డా! మంచిగ ఇన్న.”

“యాడ నిలబడి ఇన్నవ్?”

“ఎదురుంగ. తాడుకు అవతల, సక్కగ మొకం ముంగట.”

“పరమేశ్ కాకా, నువ్వు?”

“నేను బావ జట్టే గద. ఎనుకకున్న.”

“ఇన్నవా?”

పరమేశ్ కాసేపు ఆలోచించాడు. “విజిల్ ఇన్న,” అన్నాడు.

కరుణ అందరివైపూ ఒకసారి చూసింది. “గిప్పుడు డీజే లేదు, సాంచాలు లేవు. సగం సూరత్ ఇన్నది, మనం ఇనొద్దా? అందరు అటు గోడ దిక్కు తిరుగుండ్రి. మామ గీత గీసుకోని ఒక్క కూత పెడ్తడు. మొదలైంది ఇనబడంగనే గిటు తిరుగుండ్రి. సారు తప్పని పక్కాగ తేలిపోతది. సై అంటవా మామా?”

రఘుపతి నవ్వాడు. ఇంతకంటే ఏం కావాలి? “సై కాదు కోడలా, సవాల్! నా కూత ఇనబడలేదంటే నా డబ్బా నేనే ఖాళీ జేస్త. నా కండె నేనే తీస్కపోయి పరమేశ్ డబ్బాల ఏస్త. రఘుపతి మాటంటే మాట. తిరుగుండ్రిరా అందరు! చెవులు పైలం!”

అందరూ లేచి గోడవైపు తిరిగారు. మంగ కూడా గరిటె చేత్తో పట్టుకునే వీపు తిప్పింది. కరుణ ఒక్కతే ఆయనకెదురుగా నిలబడింది.

రఘుపతి చెప్పులు విడిచాడు. కాలి బొటనవేలితో మట్టిలో గీత గీశాడు. వంగి ఆ మట్టిని ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఛాతీ నిండా ఊపిరి పీల్చి, గీత దాటాడు.

కబడ్డి కబడ్డి కబడ్డి.

ఇంత కూత తన జన్మలో ఎప్పుడూ పెట్టలేదనిపించింది ఆయనకు. తలలో నాలుగు సాంచాలు ఒక్కసారిగా నడిచాయి. వాటన్నిటి మీదా తన కూతే తేలింది. మెడ నరాలు తాళ్లలా లేచాయి. ఉధ్నా రైలు ఆగింది, తాపీ బుడగలు పలిగాయి, ఓడ బొంయ్ మంది. తను చెప్పిందంతా నిజమేనని ఆ క్షణాన ఆయనకే నమ్మకం కుదిరింది. కళ్లు మూసుకున్నాడు. ఇంకా దమ్ముంది, ఇంకా ఉంది, కబడ్డి కబడ్డి, గోడ దగ్గర మిగిలిపోయినవాడు పెట్టే కూత ఇట్లాగే ఉంటుందిరా నరేశూ, కబడ్డి కబడ్డి కబడ్డి. కళ్ల ముందు చుక్కలు కనబడేదాకా సాగదీసి, అప్పుడు వెనక్కి దూకి గీత ముట్టుకున్నాడు.

కళ్లు తెరిచాడు.

ఎదురుగా వీపులు. ఒక్కటీ తిరగలేదు. సోమలింగం మెడ గోక్కుంటున్నాడు. నరేశ్ ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకున్నాడు. పరమేశ్ బుద్ధిగా చెవి గోడవైపు కాకుండా ఇటువైపు ఒగ్గి పెట్టాడు. పైన కరెంటు తీగ మీద పావురాలు ఎక్కడివక్కడే కూర్చున్నాయి. పాలగిన్నె కింద స్టవ్ బుస్సుమంటోంది.

“రఘన్నా,” అంది మంగ, వీపు తిప్పకుండానే, ఎంతో మర్యాదగా, “షురూ చేసేముంగట జర చెప్పు. స్టవ్ బంద్ జేస్త. దీని సప్పుడుకు నీ కూత ఇనబడదేమో.”

రఘుపతి కరుణ వైపు చూశాడు. ఆమె నవ్వలేదు. ఆయన పెదవుల మీదే ఆమె చూపు ఆగి ఉంది. ఆయన ఇంకోసారి కబడ్డి అన్నాడు, పెదవులే ఆడాయి. ఆ పెదవులేం చేస్తున్నాయో ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆయన వేలితో తడిమి చూసుకున్నాడు. గొంతు మీదికి చెయ్యి పోయింది. అక్కడ నొప్పి కూడా లేదు.

అయినా మాటంటే మాట. ఛాతీ దించకుండానే స్టూలు దగ్గరికి నడిచాడు. తన డబ్బాలోంచి సోమలింగం కండెను మెల్లగా తీసి బల్ల మీద పెట్టాడు. డబ్బాను చప్పుడు కాకుండా బోర్లించాడు. జేబులోంచి తన కండె తీశాడు. పొద్దున అన్నిటిలోకీ నున్నగా ఉన్నదాన్ని ఏరి తెచ్చుకున్న కండె అది. పరమేశ్ డబ్బా మీద చెయ్యి చాపి వదిలాడు.

ఠంగ్.

వీపులన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి.

“అదేంది కాకా,” అన్నాడు నరేశ్ బోర్లించిన డబ్బా వైపు బిత్తరపోయి చూస్తూ. “కూత పెట్టకముందే ఓడినవా?”

రఘుపతి మీసం సవరించుకున్నాడు. విడిచిన చెప్పులు మళ్లీ కాళ్లకు తొడుక్కున్నాడు.

“పెట్టిండు,” అంది కరుణ. “దమ్ము తెగకుంట పెట్టిండు. నేను చూసిన.”